బైకు మీద నుంచి పడ్డ కాళ్ళు

మా ఆయన బైకు మీద నుంచి పడలేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే పడ్డాడని మొదట చెప్పింది నేనే.

ఈ ఏడు ఈస్టరు ముందు నలభై రోజుల తపసుకాలం, మిర్చి సీజను ఒకేసారి వచ్చాయి. తపసుకాలం మొదలయ్యే విభూది బుధవారం పొద్దున గుడిలో, అదే మా చర్చిలో, నుదుట విభూది పెట్టించుకుని, అదే మొహాలతో మా ఆయన బెన్ని, నేను పనిలోకి వెళ్ళాం. చిల్లకల్లు దాటాక హైవే పక్కన ఉంటుంది మేం పనిచేసే కోల్డ్ స్టోరేజీ. మేమంతా ఏసీ అంటాం. పెనుగంచిప్రోలు వైపు నుంచీ, కంచికచర్ల వైపు నుంచీ రైతులు మిర్చి టిక్కీలు తెచ్చి అందులో దాచుకుంటారు. టిక్కీ అంటే నలభై కేజీల బస్తా. నేను షెడ్డులో ఆడవాళ్ళతో కూర్చుని కాయలకి తొడిమలు తీస్తాను. బెన్ని జాకీ లాగుతాడు.

జాకీ మీద ఇంగ్లీషులో పాలెట్ ట్రక్కు అని రాసి ఉంటుంది. ముందు ఒక పిడి, వెనక రెండు పొడుగాటి ఇనప కాళ్ళు. టిక్కీలు పేర్చిన చెక్కబల్ల కిందకి ఆ కాళ్ళని తోసి, పిడిని నాలుగైదుసార్లు పైకీ కిందకీ కొడితే బరువంతా నేల మీద నుంచి లేస్తుంది. ఇక చేత్తో లాక్కుపోవడమే. ఇరవై టిక్కీలు, ఎనిమిది క్వింటాళ్ళు. దానికి బ్రేకు ఉండదు. చదును నేల మీద ఒక్కడు లాగగలడు. ఏసీ గది గుమ్మం ముందు మాత్రం నేల వాలుగా ఉంటుంది. అక్కడ ముందొకడు పిడి పట్టుకోవాలి, వెనకొకడు తాడుతో పట్టి ఆపుతూ దింపాలి. అది పద్ధతి. సీజను ముదిరేసరికి వెనక మనిషిని ఇంకో జాకీకి పంపేశారు. బెన్ని లాగే జాకీకి ఎడం చక్రం రబ్బరు ఊడిపోయి నెల దాటింది.

కాళ్ళకి ఏముంటుందని అడగండి. ఏమీ ఉండదు. తినే సరుకు కాబట్టి బయటి చెప్పులు లోపలికి రాకూడదు. న్యాయమే. లోపల వేసుకోవడానికి ముందుభాగంలో ఇనుము ఉన్న బూట్లు కంపెనీ ఇవ్వాలి. అవీ ఉన్నాయి, ఆఫీసు గదిలో అద్దాల బీరువాలో, బొమ్మల కొలువులో పెట్టినట్టు. పై దేశాల నుంచి సరుకు కొనేవాళ్ళు చూడ్డానికి వచ్చిన రోజు బీరువా తాళం తీస్తారు. సాయంత్రం వాళ్ళ కారు హైవే ఎక్కగానే బూట్లు తుడిచి మళ్ళీ లోపల పెడతారు. మిగతా రోజుల్లో మావాళ్ళవి ఉత్త కాళ్ళే.

విభూది బుధవారం తర్వాత వారం, మంగళవారం పదకొండు గంటలకి, వాలు మీద జాకీ బెన్ని చేతిలోంచి జారింది. నేను షెడ్డులోంచి చూస్తూనే ఉన్నాను. పెద్ద చప్పుడేమీ కాలేదు. రబ్బరు లేని చక్రం అతని కుడికాలి మీదుగా వెళ్ళి గుమ్మానికి కొట్టుకుని ఆగింది. బెన్ని అరవలేదు, వాలు మీద కూర్చుండిపోయి తన కాలిని తనే వింతగా చూసుకున్నాడు. అతని కాలి కింద నేల తడిసింది. ఒళ్ళో చేట పక్కన పడేసి పరిగెత్తాను.

సూపర్‌వైజరు ప్రేమానందం బాబాయ్ తన కారు తీశాడు. బాబాయ్ అంటే రక్తసంబంధం కాదు. మా గుడి పెద్ద. మా పేటలో సగం మందికి ఆ ఏసీలో పని ఇప్పించింది ఆయనే, గుడికి కొత్త కాలర్ మైకు కొనిచ్చింది ఆయనే. మే నెల ఎండలో కూడా బూట్లూ సాక్సులూ వేసుకునే మనిషి. గుడిలో అందరం చెప్పులు బయట విడిచి వస్తే ఆయన బూట్లు మాత్రం విప్పి సాక్సులతో కూర్చుంటాడు. షుగరు ఉందని చెప్పేవాడు.

ఎముకల డాక్టరు ఉన్నాడని నందిగామ తీసుకెళ్ళాం. బెన్నిని లోపలికి తీసుకెళ్ళారు. కిటికీ దగ్గర అమ్మాయి చీటీ రాస్తూ ఎలా జరిగిందని అడిగింది. నేను నోరు తెరిచేలోగా బాబాయ్ నా మోచెయ్యి పట్టుకుని పక్కకి తీసుకెళ్ళాడు.

"అమ్మా సూసన్, గోడౌన్లో అని చెప్పావంటే ఇది పోలీసు కేసవుద్ది. వాళ్ళు రావాలి, రాసుకోవాలి. అప్పటిదాకా డాక్టరు చెయ్యి వెయ్యడు. కాలు పోద్ది తల్లీ. బైకు మీంచి పడ్డాడని చెప్పు. మిగతాది ఓనరు చూసుకుంటాడు. నే చూసుకునేట్టు చేస్తాగా."

"నిజంగా చూస్తారా బాబాయ్?"

"ప్రభువు మీద ఆన."

ఆన పెట్టాక ఇంకేం అడుగుతాను? కిటికీ దగ్గరకెళ్ళి బైకు మీద నుంచి పడ్డాడని చెప్పాను. ఆ అమ్మాయి రాసుకుంది. బాబాయ్ అక్కడే వరండాలో నిలబడి, కళ్ళు మూసుకుని, నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశాడు. నేను ఆమెన్ కూడా అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా నోరు నేనే నొక్కేసుకోవాలనిపిస్తుంది.

బొటనవేలు, దాని పక్క వేలు తీసేశారు.

ఓనరు చూసుకోవడం పది రోజులకే అయిపోయింది. పదకొండో రోజు బెన్ని జాకీ క్రాంతికుమార్ చేతికి వెళ్ళింది. అతనిదీ మా పేటే, పోయినేడే పెళ్ళయింది. చక్రం మార్చారా అని అడిగితే ఆ కుర్రాడు నా మొహం చూడకుండా లేదక్కా అన్నాడు.

నష్టపరిహారం కోసం కార్మిక శాఖ ఆఫీసుకి వెళ్ళాను. అక్కడ గుమస్తా మంచివాడే. ఆసుపత్రి చీటీ రెండుసార్లు చదివి నా చేతికిచ్చేశాడు.

"ఇందులో బైకని ఉందమ్మా. పనిలో జరిగిందని మీ సూపర్‌వైజరు రాసి సంతకం పెట్టివ్వాలి. అది లేకపోతే మేం ఎక్కడ మొదలుపెట్టాలి?"

ఆ ఒక్క సంతకం కోసం బాబాయ్ చుట్టూ తిరిగాను. మొదటిసారి చూద్దామన్నాడు. రెండోసారి పండగ వెళ్ళనీ అన్నాడు. మూడోసారి, "నోటితో నువ్వే బైకని చెప్పి ఇప్పుడు నన్ను అబద్ధం రాయమంటావేంటమ్మా?" అన్నాడు. షెడ్డులో నా చోటికి వెళ్ళి మధ్యాహ్నం దాకా తొడిమలు పీకాను. తోటివాళ్ళు నా జోలికి రాలేదు.

ఇదంతా ఒక ఎత్తు. అసలు మంట వేరే మొదలైంది. పొద్దున పదకొండు గంటలకి, తిన్నటి రోడ్డు మీద, ఎదురుగా బండి లేకుండా ఒక మనిషి బైకు మీద నుంచి ఎందుకు పడతాడు? ఊరు తనంతట తనే జవాబు చెప్పుకుంది. తాగి పడ్డాడు. కృష్ణయ్య కొట్లో పంచదార కట్టించుకుంటుంటే నా వెనక ఇద్దరు ఆడవాళ్ళు అనుకున్నారు, "తపసుకాలం అనైనా లేదు చూడవే, అదీ ఉపదేశి కొడుకు." బెన్ని నోట్లో ఈ పదేళ్ళలో చుక్క పడలేదు. వెనక్కి తిరిగి ఏం చెప్పను? బైకు నేను తెచ్చిందే కదా.

ఉపదేశి అంటే మా మామ, వరప్రసాదరావు. ఫాదర్ గారి కింద ఉన్న పది ఊళ్ళనీ కలిపి విచారణ అంటాం. అవన్నీ ఆయన తిరగాలి కాబట్టి మా ఊళ్ళో గంట కొట్టేది, పిల్లలకి జపాలు నేర్పేది, చావు ఇంట్లో ముందు నిలబడేది మామే. ముప్పై ఏళ్ళుగా చేస్తున్నాడు. నోట్లో నాలుక లేని మనిషి. ఎవరేమన్నా "సర్లేవయ్యా" అంటాడు. ఆయన మెత్తదనం చూసి ఊరు ఆయన్ని గౌరవించేది, నాకు మాత్రం ఒళ్ళు మండేది.

మార్చి చివరి ఆదివారం పూజ అయ్యాక బాబాయ్ మా ఇంటికి వచ్చాడు. మంచం మీద కూర్చున్నాడు. అత్త మంచినీళ్ళిచ్చింది, టీ పెట్టింది. కట్టుకట్టిన కాలు దిండు మీద పెట్టుకుని బెన్ని అదే గదిలో ఉన్నాడు.

"వరప్రసాదరావ్, నేననట్లా, జనం అంటున్నారు" అన్నాడు బాబాయ్. "కొడుకు తాగి పడ్డాడంటే, ఉపదేశి పీఠం దగ్గర నిలబడ్డం బాగోదంటున్నారు. పండగ అయ్యేదాకా చెయ్యి. ఆ తర్వాత ఇంకెవర్నైనా చూద్దాం."

ఆ వాలు దగ్గర బెన్నిని భుజం పట్టి లేపింది ఆయనే. ఆ రక్తం ఆయన చొక్కాకి కూడా అంటింది. అలాంటి మనిషి మా ఇంట్లో మా టీ తాగుతూ ఆ మాట అన్నాడు.

"సర్లేవయ్యా" అన్నాడు మామ.

బాబాయ్ వెళ్ళాక నేను ఇల్లు ఎగిరిపోయేలా అరిచాను. "ఏంటి మావయ్యా సర్లే? ఏది సర్లే? మీ కొడుకు తాగాడా? మీ నోట్లోంచి కాదు అన్న మాట రాదా?"

"ప్రార్థన చేద్దాం తల్లీ."

"చేశాం మావయ్యా. నందిగామలో చేశాం. నా నెత్తిన చెయ్యి పెట్టి మరీ చేశాడు."

బెన్ని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. "ఊరుకో సూసీ" అన్నాడు.

మర్నాడు పనికి వెళ్ళాను. వెళ్ళక ఏం చేస్తాను, ఇంట్లో పొయ్యి వెలగాలి. అన్నాల వేళ మగవాళ్ళంతా వాలు మీద వరసగా కూర్చుని క్యారేజీలు విప్పారు. అప్పటిదాకా వాళ్ళ మొహాలే చూసేదాన్ని. ఆ రోజు నా కళ్ళు కాళ్ళ మీదకి వెళ్ళాయి. అందరూ బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు, కుడి పాదాన్ని ఎడం తొడ కింద దూర్చి. ఒక్కడి పాదం కూడా బయటికి కనిపించడం లేదు.

మోజెస్ అన్నయ్య అందరిలోకీ పెద్ద. ఆయన పక్కకి వెళ్ళి కూర్చున్నాను.

"అన్నయ్యా, కాలు చాపు."

"తినేటప్పుడు ఏంటమ్మా?"

"చాపు."

చాపాడు. బొటనవేలికి గోరు లేదు. వేలు పక్కకి ఒరిగిపోయి ఉంది.

"ఇదెప్పుడు?"

"పోయిన సీజన్లో. పాలెట్ దింపుతుంటే."

"ఆసుపత్రిలో ఏం చెప్పావు?"

ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని నమిలి మింగి, అప్పుడు చెప్పాడు. "బైకని."

"నీకు బైకు ఎక్కడిది?"

"మా బామ్మర్దిది అని చెప్పమన్నాడు బాబాయ్."

ఆ పక్కవాడు తనంతట తనే కాలు చాపాడు. మడమ మీద తెల్లటి మచ్చ, అరచెయ్యంత. అతనిదీ బైకే. ఇంకొకతనికి చిటికెనవేలు లేదు, అతనికి ఇంట్లో రోకలి పడిందట. ఒకతని పాదాన్ని గేదె తొక్కిందట. వాళ్ళింట్లో గేదె లేదు, ఎన్నడూ లేదు. అతను అది చెబుతుంటే మొదట మోజెస్ అన్నయ్యకి నవ్వొచ్చింది, తర్వాత అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. మా గుడివాళ్ళే పదకొండు మంది తేలారు. ఒకరి సంగతి ఒకరికి తెలుసు. తెలిసి, కాలు మడిచి కూర్చుని తింటున్నారు.

"ఎవరూ బాబాయ్‌ని అడగలేదా?"

"అడిగితే రేపట్నించి రావద్దంటాడు. మళ్ళీ ఆదివారం గుళ్ళో పక్కనే కూర్చోవాలి. ఎట్లా?" అన్నాడు మోజెస్ అన్నయ్య.

మోజెస్ అన్నయ్య నోట వచ్చిన 'గుళ్ళో' అన్న ఒక్క మాట పట్టుకుని సాయంత్రం ఇంటికి వచ్చాను.

మా గుడిలో ఈస్టరు ముందు వచ్చే పవిత్ర గురువారం సాయంత్రం పూజలో ఫాదర్ గారు పన్నెండు మంది కాళ్ళు కడుగుతారు. ప్రభువు కడరాత్రి భోజనం ముందు శిష్యుల కాళ్ళు కడిగాడు కదా, దానికి గుర్తు. పీఠం ముందు పన్నెండు కుర్చీలు వేస్తారు. ఒక్కొక్కరి కుడికాలు పళ్ళెంలో పెట్టించి, నీళ్ళు పోసి, తువ్వాలుతో తుడిచి, ముద్దు పెట్టుకుంటారు. ఆ పన్నెండు మంది పేర్లు రాసేది ఉపదేశి. చెప్పేది ప్రేమానందం. హెడ్మాస్టరు గారు, వార్డు మెంబరు, రిటైరైన పోస్టుమాస్టరు, ఏటా అవే కాళ్ళు. కుర్చీలో కూర్చునేవాళ్ళ ఇళ్ళల్లో బుధవారం నుంచే హడావిడి. గోళ్ళు తీసుకుని, మడమలు రాతితో రుద్దుకుని, సబ్బుతో రెండుసార్లు కడుక్కుని వస్తారు, కాళ్ళు కడిగించుకోడానికి. బాబాయ్ మాత్రం ఎన్నడూ ఆ కుర్చీల్లో కూర్చోలేదు. నేను అర్హుణ్ణి కాదు అనేవాడు. ఎంత వినయమో అని అందరం మెచ్చుకునేవాళ్ళం.

ఆ గురువారానికి ముందు వచ్చే మ్రానికొమ్మల ఆదివారం మధ్యాహ్నం మామ కాగితం, పెన్ను తీసుకుని అరుగు మీద కూర్చున్నాడు. నేను వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. ఈసారి అరవలేదు. వాలు దగ్గర చూసిందంతా చెప్పాను, ఒక్కొక్క కాలు. గేదె సంగతి కూడా చెప్పాను. ఆయన నవ్వలేదు. అత్త లోపల బియ్యం ఏరడం ఆపేసింది.

మామ పెన్ను మూత తీశాడు, పెట్టాడు, మళ్ళీ తీశాడు. నేను ఆ సర్లే అన్న మాట కోసం పళ్ళు బిగపట్టుకుని చూస్తున్నాను.

"పేర్లు చెప్పమ్మా" అన్నాడు. "మెల్లగా చెప్పు, అక్షరం తప్పు పోకూడదు."

పదకొండు పేర్లు చెప్పాను. రాశాడు.

"పన్నెండు, బెన్ని" అన్నాను.

"కట్టు తడవకూడదు కదా. పన్నెండోది నే చూసుకుంటా." కాగితం మడిచి జేబులో పెట్టుకుని గంట కొట్టడానికి గుడికి వెళ్ళిపోయాడు.

ఆ పదకొండు ఇళ్ళకీ నేనే తిరిగాను. కొందరు భయపడ్డారు. ఒకతని భార్య క్రిస్టీ నా మొహం మీదే, "నీ మొగుడి పని పోయింది, మా వాళ్ళదీ పోవాలా?" అంది. ఆమె మీద నాకు కోపం రాలేదు. ఏం మాట్లాడక్కర్లేదు, వచ్చి కూర్చుంటే చాలన్నాను. చివరికి మోజెస్ అన్నయ్యే తేల్చాడు. "గుళ్ళో కాళ్ళు కడిగించుకుంటే పన్లోంచి తీసేస్తారా ఏంటి? వస్తాం పో."

గురువారం సాయంత్రం ఆరింటికి గుడి నిండిపోయింది. ముందు వరసలో బాబాయ్, తెల్లచొక్కా, తెల్ల సాక్సులు. ఆయన వెనక హెడ్మాస్టరు గారు, మెంబరు గారు, మిగతావాళ్ళు, రుద్దిన కాళ్ళతో తయారుగా ఉన్నారు. బెన్నిని ఆటోలో తెచ్చి గోడ పక్కన కూర్చోబెట్టాం. ఫాదర్ గారు కిందటి జూన్‌లోనే మా విచారణకి వచ్చారు, చిన్న వయసు. మెడ దగ్గర కాలర్ మైకు పెట్టుకున్నారు.

ప్రసంగం అయ్యాక మామ కాగితం విప్పాడు. హెడ్మాస్టరు గారు సగం లేచారు కూడా.

"మోజెస్" అని పిలిచాడు మామ.

గుడిలో కలకలం. తర్వాత రెండో పేరు, మూడో పేరు. హెడ్మాస్టరు గారు మెల్లగా కూర్చున్నారు. పదకొండు మంది వెళ్ళి కుర్చీల్లో కూర్చుని, అలవాటు కొద్దీ కుడికాలిని ఎడంకాలి వెనక దాచుకున్నారు. బాబాయ్ మెడ బిగుసుకుపోవడం నాకు వెనక నుంచి కనిపించింది. మామ ఇంకా కాగితం వైపే చూస్తున్నాడు.

"పన్నెండు, ప్రేమానందం."

"నేను అర్హుణ్ణి కాదు ఉపదేశి గారూ" అన్నాడు బాబాయ్, నవ్వుతూ.

"శిష్యులు కూడా కారయ్యా. రా" అన్నాడు మామ.

గుడంతా చూస్తుంటే ఎంతసేపు కూర్చుంటాడు? లేచి వెళ్ళి చివరి కుర్చీలో కూర్చున్నాడు. సాక్సులు విప్పలేదు.

ఫాదర్ గారు పైవస్త్రం తీసి, నడుముకి తువ్వాలు కట్టుకుని మోకాళ్ళ మీద కూర్చున్నారు. మోజెస్ అన్నయ్య కాలు పళ్ళెంలో పెట్టాడు. ఫాదర్ గారు చెంబు ఎత్తి, పొయ్యకుండా ఆగారు.

"ఇదేమైంది?"

చిన్నగానే అడిగారు. కాని మెడ దగ్గర మైకు ఉంది. ఆ మాట గుడి గోడల మీదా, ఊరికి వినబడేలా గుడి పైన కట్టిన హారను గొట్టంలోనూ పలికింది. మోజెస్ అన్నయ్య తల ఎత్తలేదు. ఇప్పుడు బైకు అంటాడు, అనుకున్నాను.

"జాకీ దిగింది ఫాదర్. ఏసీలో."

నీళ్ళు పోశారు, తుడిచారు, ముద్దు పెట్టుకున్నారు. రెండో కాలు. "ఇది?" "జాకీయే ఫాదర్." మూడో కాలు, చిటికెనవేలు లేనిది. అతను రోకలి అనలేదు. గేదె అతను గేదె అనలేదు. ఏడో కాలు దగ్గరకి వచ్చేసరికి ఫాదర్ గారు అడగడం మానేశారు. వాళ్ళే చెప్పడం మొదలుపెట్టారు. బయట రోడ్డు మీద ఆటోలు ఆగిన చప్పుడు వినిపించింది. కొట్టు కట్టేసి కృష్ణయ్య వచ్చి గుడి గుమ్మంలో నిలబడ్డాడు.

పన్నెండో కుర్చీ. ఫాదర్ గారు మోకాళ్ళ మీదే జరిగి అక్కడికి వచ్చారు. బాబాయ్ కదల్లేదు. ఫాదర్ గారు తనే ఆయన కుడికాలి సాక్సు పట్టుకుని, చంటిపిల్లాడికి విప్పినట్టు విప్పారు.

మూడు వేళ్ళు లేవు. బొటనవేలు, దాని పక్కవి రెండూ. పాత గాయం, నున్నగా మూసుకుపోయింది.

నాకు ఆయన మీద జాలి కలిగి ఉంటే బాగుండేదేమో. కలగలేదు. కోపం రెండింతలైంది. ఆ నొప్పి ఎట్లా ఉంటుందో ఆ గుడిలో ఎవరికన్నా ముందు తెలిసినవాడు, నా నెత్తిన చెయ్యి పెట్టి ఆ మాట నేర్పాడు.

"ఇదేమైంది ప్రేమానందం గారూ?" అని అడిగారు ఫాదర్ గారు.

బాబాయ్ పెదాలు తడుపుకున్నాడు. ఏళ్ళ తరబడి అందరి నోటా పెట్టిన మాట ఆయన నోటికే వచ్చింది.

"బైకు మీంచి పడ్డా ఫాదర్. ఎప్పుడో."

మామ పక్కనే ఇంకో నీళ్ళ చెంబు పట్టుకుని వంగి ఉన్నాడు. ఆయన గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. ఫాదర్ గారి మెడ పక్కన ఉండటం వల్ల మైకు దాన్ని ఊరంతటికీ వినిపించింది.

"అప్పుడు నీకు బైకెక్కడిది ప్రేమానందం? పత్తి మిల్లులో తోపుడుబండి ఎక్కితే, జగ్గయ్యపేట ఆసుపత్రికి నా సైకిలు మీద కూర్చోబెట్టుకుని తొక్కా కదయ్యా."

ఫాదర్ గారు ఆ కాలిని కడిగారు. మిగతా పదకొండింటి కన్నా ఎక్కువసేపు కడిగారు.

ఇంటికి వచ్చాక నేను మామని వదల్లేదు. "ఇన్నేళ్ళు ఈ మాట ఎక్కడ దాచారు మావయ్యా? నెల రోజులుగా నేను తిరుగుతుంటే చూస్తూ ఎట్లా కూర్చున్నారు?"

ఆయన చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. నా వైపు తిరగలేదు.

"ఆ రోజు ఆసుపత్రిలో ఎడ్లబండి ఎక్కిందని చెప్పింది నేనేనమ్మా. మిల్లు మేనేజరు అట్లా చెప్పమన్నాడు."

అన్నం పెట్టాను, తిన్నాడు.

ఈస్టరు మర్నాడు, సోమవారం పొద్దున బాబాయ్ మా ఇంటికి వచ్చాడు. కారు లేదు, నడిచి వచ్చాడు. గుమ్మం దగ్గరే నిలబడి కాగితం చాచాడు. మంగళవారం పదకొండు గంటలకి వాలు మీద పాలెట్ ట్రక్కు అదుపు తప్పి బెన్ని కుడికాలి మీద ఎక్కిందని, తను కళ్ళారా చూశానని రాసి ఉంది. కింద సంతకం. ఒక్కొక్క అక్షరం చదివాను. మంచం మీద ఉన్న బెన్నికిచ్చాను. అతనూ చదివి, కాగితాన్ని గుండె మీద బోర్లించుకుని కళ్ళు మూసుకున్నాడు.

"ఓనరుకి ఇష్టం లేదు తల్లీ" అన్నాడు బాబాయ్. "అయినా పెట్టా. మిగతావాళ్ళకి కూడా రాసిస్తా. నన్ను ఉంచుతాడో పీకుతాడో తెలీదు. ఇవాల్టికైతే ఉన్నా."

ఎండకి ఆయన మొహం ఎర్రబడింది. ఇంటికొచ్చిన మనిషి నిలబడి ఉంటే అత్త ప్రాణం ఊరుకోదు, అప్పటికే చెంబుతో నీళ్ళు ముంచుకుని గడప దాకా వచ్చింది.

"జాకీ ఇప్పుడు ఎవరు లాగుతున్నారు?" అని అడిగాను.

"క్రాంతికుమార్."

"కాళ్ళకి?"

ఆయన తన బూట్ల వైపు చూసుకున్నాడు.

"చక్రం?"

"మార్చాలి" అన్నాడు.

ఆయన చెయ్యి చెంబు కోసం చాచే ఉంది. అత్త చేతిలోంచి చెంబు నేను తీసుకున్నాను. తీసుకెళ్ళి, నీళ్ళు మళ్ళీ బిందెలో పోసి, చెంబు దాని మీద బోర్లించాను.

"చక్రం మార్చి రమ్మను అత్తా" అన్నాను. "అప్పుడు తాగుతాడు."